సీమ కారుకి సంత ముస్తాబు

ఇప్పుడు నేను చెప్పబోయేదాంట్లో ఒక్క ముక్క అబద్ధమని ఎవడికైనా అనిపిస్తే, వాడు ఇప్పుడే లేచి వెళ్ళిపోవచ్చు. తాగిన టీ డబ్బులు నేనే ఇస్తాను, గుమ్మంలో చెప్పులు కూడా నేనే అందిస్తాను. కూర్చున్నవాడు మాత్రం చివరిదాకా కూర్చోవాలి. మధ్యలో "పోన్లే నాయుడూ, నీ కోతలు మాకు కొత్తా" అనకూడదు. నేను కోతలు కోసేవాణ్ణి కాను. యుద్ధంలో బర్మా రోడ్ల మీద మిలటరీ లారీ తోలినవాణ్ణి. బాంబు పడి సగం రోడ్డు లోయలోకి జారిపోతే, ఒక పక్క చక్రాలు నేల మీద, ఒక పక్క చక్రాలు గాలిలో పెట్టి నలభైమంది సిపాయిల్ని అవతలకి చేర్చినవాణ్ణి. వాళ్ళలో ముప్పైతొమ్మిది మందికి మెలకువ కూడా రాలేదు!

అలాంటి సన్యాసినాయుడు, చీపురుపల్లి చుట్టుపక్కల మోటారు అన్న మాట వస్తే అందరూ మొదట తలుచుకునే సన్యాసినాయుడు, పోయిన కార్తీకానికీ మొన్న శివరాత్రికీ మధ్య ఒక కారు చేతిలో ఎలా చిత్తయిపోయాడో వినండి. కారు నన్ను గుద్దలేదు. గుద్దేసినా బాగుండేది. రెండు కట్లు కట్టించుకుని లేచేవాణ్ణి.

కార్తీకంలో ఒక పని మీద విజయనగరం వెళ్ళాను. పని తెమిలిపోయింది, రైలుకి ఇంకా రెండు గంటలుంది. కాళ్ళు ఊరుకుంటాయా? స్టేషను దగ్గరున్న సోములు షెడ్డులోకి దారి తీశాయి. సోములంటే మోటారు బ్రోకరు. పాత జీపులూ, కదలని లారీలూ కొని, రంగు పూసి అమ్ముకుంటాడు. ఆ లారీల మధ్య కనబడింది అది. ఎర్రగా, పొట్టిగా, నేలని కరుచుకుని ఉంది. టాపు లేదు, వెనకాల మడిచిపెట్టిన గుడ్డ ఒకటుంది. తలుపు నా మోకాలి దాకా రాదు. చక్రాలకి సైకిలుకున్నట్టు సన్నటి చువ్వలు. సీట్లు రెండంటే రెండే.

"ఇదేటి సోములూ? మిగతా కారెక్కడున్నాది?" అన్నాను.

"మిగతాదేటి బుగతా! మొత్తం ఇదే. సీమ నుంచి ఓడలో దిగినాది. పందేల కారు. కోటలో చినదొర తోలేవోరు. ఆయన మదరాసు ఎల్లిపోతా నా సేతిలో పెట్టినారు."

మా వైపు భూమున్న రైతుని బుగతా అంటారు. నాకున్నది కొంచెమే అయినా ఆ పిలుపు చెవిన పడితే ఛాతీ రెండంగుళాలు పెరుగుతుంది. సోములుకి అది తెలుసు.

"ఎంతకి కొన్నావేటి?"

"కొన్నది అడక్కూడదు బుగతా, అమ్మేది అడగాల. నాలుగు వేలు."

"నాలుగు వేలా! ఇద్దరు కూర్చునే తొట్టికా?"

సోములు నన్ను పక్కనున్న టైరు మీద కూర్చోబెట్టాడు. టీ తెప్పించాడు. పాఠం మొదలెట్టాడు.

"నాను సెప్పేది ఇనండి. కొత్త కారు కావాలంటే బొంబాయిదైనా, కలకత్తాదైనా, డబ్బు కట్టి ఆరేళ్ళు క్యూలో కూకోవాల. అందుకే షోరూము గేటు దాటీసరికి కొత్త కారు రేటు ఇంకో మూడు వేలు పెరిగిపోతాది. కొత్తదాని కన్నా నడిసినదానికే ఎక్కువిస్తన్నారు బాబూ, ఇదేటి కాలమో! ఇంక సీమ కారు సంగతి సెప్పాలా? దిగుమతి బందు. రూపాయి దర దించేసినాక అస్సలు రాదు. ఉన్నవే ఉన్నాయి. ఇయ్యాళ మీరు కొని, పాకలో పెట్టి, తాళమేసి తొంగోండి. లేసేసరికి డబలు!"

డబలు అన్న మాట నా చెవిలోంచి వెళ్ళి నేరుగా గుండెలో కూర్చుంది.

"మూడున్నర," అన్నాను.

సోములు జేబులోంచి గడియారం తీసి చూశాడు. "సాయంత్రం బండికి బరంపురం సేటు వస్తన్నాడు. ఏటీ అనుకోకండి బుగతా, తొందరగా సెప్పండి."

"నాలుగు!"

"ఆయన నాలుగున్నర అన్నాడు మరి."

"ఐదు!" అని అరిచాను.

ఆ అరుపుకి షెడ్డు మీది పావురాలు లేచిపోయాయి. సోములు లారీ మడ్డుగార్డు పట్టుకుని నిలబడ్డాడు. నా పంతానికి జడిసిపోయాడనుకున్నాను. తర్వాత తెలిసింది. వాడు ఆ కారుని కోటలో పధ్నాలుగు వందలకి కొన్నాడు. ఆరు నెలలుగా పద్దెనిమిది వందలకి ఇస్తానని దారిన పోయేవాళ్ళందర్నీ బతిమాలుతున్నాడు. ఆ సీటు కింద కోడి గుడ్లు పెడుతోంది. బరంపురంలో సేటూ లేడు, సాయంత్రం బండికి ఎవడూ రాలేదు. లేని మనిషితో పోటీ పడి వాణ్ణి ఓడించినవాణ్ణి నేనొక్కణ్ణే!

బయానా ఇచ్చి ఇంటికొచ్చాను. ఇక ఐదు వేలు కావాలి. నా దగ్గర ఐదు వేలుంటాయా? ఉన్నది మా ఇంటిదాని జీడితోట.

ఆ తోట సంగతి చెప్పాలి. పెళ్ళినాడు మా మావ కూతురికని రెండెకరాల గరువు, అంటే మెట్ట భూమి, ఇచ్చాడు. కాగితం మాత్రం అల్లుడి పేర రాయించాడు, ఆ రోజుల్లో అంతే. ఉత్త ఎర్రమట్టి, గడ్డి కూడా మొలవదు. నేను లారీలు తోలుకుంటూ తిరుగుతున్న కాలంలో ఆవిడ ఒక్కతీ జీడి మొక్కలు వేసింది. మూడు వేసవులు కిందనున్న నూతిలోంచి కుండతో నెత్తిన మోసి నీళ్ళు పోసింది. ఎనభై చెట్లు. వాటిల్లో ఏ చెట్టు ఏ ఏడు ఎన్ని గింజలిచ్చిందో అడగండి, చెబుతుంది. ఇంట్లో ఉప్పూ పప్పూ, ఇద్దరు కూతుళ్ళ పురుళ్ళూ, అన్నీ ఆ చెట్ల మీదే గడిచాయి.

సంగతి విని ఆవిడ చేటలో బియ్యం చెరుగుతున్నది ఆపేసింది.

"తోట అమ్మేత్తావా మావా?"

"అమ్మడం కాదే! తిరుగు షరతు. పక్క తోట చిన్నంనాయుడు ఐదు వేలిస్తాడు. శివరాత్రిలోగా ఆ ఐదు వేలూ తిరిగిచ్చేస్తే తోట మనది మనకే. ఈలోగా కారు పదివేలకి అమ్ముతాను. నీ తోట నీకొస్తుంది, పక్కన ఇంకో తోట కొని నీ కొంగులో పెడతాను."

"శివరాత్రి దాటిపోతే?"

"దాటదు."

"దాటితే మావా?"

"ఒసే, బర్మాలో నేను..."

"బర్మా సంగతి నానడగనేదు."

ఆవిడ మళ్ళీ చేట అందుకుంది. కాసేపటికి తలెత్తకుండానే అంది. "పూతప్పుడు తోట పరాయోడి సేతిలో ఉంటాది. దానికేటి సేత్తాం. గింజ రాలేసరికి మాత్రం నాకు తెచ్చీయాల. అంతే."

"అరసవల్లి సూర్యనారాయణుడి మీద ఒట్టు," అన్నాను.

కారు తోలుకొచ్చిన రోజు చూడాలి నన్ను! విజయనగరం నుంచి చీపురుపల్లి దాకా నా మీసాలు వెనక్కి తిరిగి చెవుల్ని కప్పేశాయి. ఒకచోట రోడ్డు రైలు పట్టాల పక్కకి వస్తుంది. అక్కడ హౌరా మెయిలుని దాటేశాను. దాటుతుంటే ఇంజను డ్రైవరు తల బయటపెట్టి దండం పెట్టాడు. నిజం చెప్పమంటారా, మెయిలు సిగ్నలు లేక ఆగి ఉంది. అయినా దాటానా, లేదా?

ఊళ్ళోకి రాగానే జనం మూగారు. మా వాళ్ళు సరుకుని చూసే తీరు వేరు.

"నాయుడు మావా, ఇందులో ఎరువు ఎక్కడేత్తావు?"

"ఆడోళ్ళు ఎక్కడ కూకుంటారు? బాగుంది సంబడం, మొగుడు ఎక్కితే పెళ్ళాం నడిసి రావాల!"

"వానొస్తే?"

"గొడుగేసుకుని తోల్తాడు!"

మార్గశిరం వెళ్ళిపోయింది. పుష్యం సగమయింది. కొంటానన్న మగాడు లేడు. ఒక్కడొచ్చాడు, ఇంజను తీసి నూతి పంపుకి పెట్టుకుంటాను, ఏడొందలిస్తానన్నాడు. కర్ర పట్టుకుని తరిమాను. మా ఇంటిది ఏమీ అనేది కాదు. పొద్దున్నే తోట కంచె దాకా వెళ్ళి, కాసేపు నిలబడి తిరిగొచ్చేది. "పై మడిలో పూత దిగినాది," అనేది అంతే. ఆ ఒక్క మాటకి నాకు అన్నం సహించేది కాదు.

అప్పుడు, నా అదృష్టం అంటాను, రైల్వే గేటు పడింది. చీపురుపల్లి గేటు దగ్గర నా ఎర్ర కారులో నేను కూర్చుని ఉన్నాను. వెనకాల ఒక బొంబాయి కారొచ్చి ఆగింది. అందులోంచి కళ్ళద్దాల పెద్దమనిషి దిగి, నా కారు చుట్టూ గుడి చుట్టూ తిరిగినట్టు మూడుసార్లు తిరిగారు. వాల్తేరు డాక్టరుగారట. సీమలో చదువుకున్నారట.

"ఇది ఇంకా బతికే ఉందా!" అన్నారు. బానెట్టు మీద చెయ్యి వేశారు. "నాయుడుగారూ, చదువుకునే రోజుల్లో దీని కోసం కలలు కన్నాను. కొనే తాహతు లేకపోయింది. ఆ రంగు చూడండి, కంపెనీ వేసిన రంగే, కదూ? ఆ చక్రాలు! ఆ సీటు తోలు! నాకు అమ్ముతారా? పదివేలిస్తాను."

గేటు లేచింది. మేమిద్దరం కదల్లేదు. వెనకాల బళ్ళవాళ్ళు తిట్టారు. వాళ్ళ తిట్లు నాకు మంగళవాద్యాల్లా వినబడ్డాయి.

"శివరాత్రికి ఐదు రోజుల ముందు రైల్లో వచ్చి, డబ్బిచ్చి, నేనే తోలుకుపోతాను," అన్నారు డాక్టరుగారు. "ఒక్కటే మనవి. దీన్ని ఇలాగే ఉంచండి. కడగను కూడా కడగొద్దు."

అదీ, ఆ చివరి మాట! అక్కడే నేను గోతిలో పడ్డాను.

మీలో పశువుల సంత ఎరిగినవాళ్ళున్నారా? ఎద్దుల్ని సంతకి తోలేముందు ఊరికే తోలుతామా? కొమ్ములు గాజుపెంకుతో గీకి నూనె పెడతాం. మెడలో గంటలు, నుదుట ఎర్ర ఉన్ని కుచ్చులు. తవుడునీళ్ళు తాగించి డొక్కలు నింపుతాం. రెండొందల ఎద్దు మూడొందల ఎద్దవుతుంది. "ముస్తాబెందుకు, ఉన్నదున్నట్టు తోలుకురా" అని ఎవడైనా అన్నాడంటే, వాడు ధర కొయ్యడానికొచ్చిన దళారీ! ముప్పైఏళ్ళుగా ఎద్దులు కొని అమ్మినవాణ్ణి, ఆమాత్రం పట్టుకోలేనా? కడగొద్దట! మాసిపోయిన దానికే పదివేలిస్తున్నాడంటే, ముస్తాబు చేస్తే ఎంతిస్తాడు? ఇద్దరు కూర్చునేదానికి పదైతే, ఆరుగురు కూర్చునేదానికి ముప్పై! తోట, పక్క తోట, ఆ పక్క తోట కూడా!

మర్నాడే ఆమదాలవలస తోలుకుపోయాను. అక్కడ బస్సులకి బాడీలు కట్టే అప్పన్న మేస్త్రి ఉన్నాడు. చేతిలో సుత్తి ఉంటే వాడు వెన్నతో కూడా బస్సు కడతాడు. కారు చూసి నొసలు ముడిచాడు.

"దీనికి నెత్తి లేదు మావా."

"పెట్టు. మంచి గట్టి రేకు."

"ఎనక సీట్లు లేవు."

"అందుకేగా తెచ్చింది! వెనక నలుగురు కూర్చోవాలి. రెండు బల్లలు వెయ్యి. నెత్తి మీద సామాను కేరేజీ."

"అంతమంది ఎక్కితే ఈ సైకిల్ సక్రాలు సితికిపోతాయి."

"పీకెయ్! జీపు చక్రాలు వెయ్యి."

"రంగు?"

"కింద ఆకుపచ్చ, పైన పసుపు. రెండు పక్కలా నెమళ్ళు. ముందు 'శ్రీ సూర్యనారాయణస్వామి ప్రసన్న', వెనక 'హారను కొట్టుము'."

"బాగుంటాది మావా. మజూరీ?"

ఇక్కడ నా తెలివి చూడండి. "మజూరీ డబ్బుగా ఇవ్వను. పీకేసిన పాత సామాను, చక్రాలూ, తోలు సీట్లూ, దీపాలూ అన్నీ నువ్వే ఉంచుకో," అన్నాను. వాడు కాసేపు బేరమాడి ఒప్పుకున్నాడు. చెత్త ఇచ్చి పని చేయించుకున్నానని ఇంటి దాకా నవ్వుకుంటూ వచ్చాను.

ఇరవై రోజులకి బండి తయారైంది. అబ్బ! ఏం చెప్పను! పెళ్ళిపల్లకీకీ బస్సుకీ పుట్టినట్టుంది. అరసవల్లి తీసుకెళ్ళి పూజ చేయించాను. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాను. పూజారిగారు "ఇది ఏ కంపెనీ బండి నాయుడూ?" అని అడిగారు. "మన కంపెనీయే!" అన్నాను గర్వంగా. మా ఇంటిది వచ్చి చుట్టూ చూసింది.

"ఆ డాట్రుబాబు దీన్ని ముట్టుకోవద్దన్నాడని నువ్వే సెప్పినావు గదా మావా?"

"నీకు సంత సంగతి తెలీదు, ఊరుకో."

ఊరుకుంది.

అనుకున్న రోజు డాక్టరుగారు రైలు దిగారు. చేతిలో తోలు సంచీ. మొహం పెళ్ళికొడుకు మొహం. నేను ఆ బండి తోలుకుని స్టేషనుకి వెళ్ళాను, ముచ్చట పడతారు కదా అని. ఆయన బండి వంక చూశారు, నా వంక చూశారు, నవ్వారు, ఎక్కి వెనక బల్ల మీద కూర్చున్నారు. నేనింకా ధర ఎత్తలేదు. ఆయనే ఎత్తుతారని చూస్తున్నాను. దారిలో ఒక్కటే మాట అన్నారు.

"ఈ జీపు మీదేనా నాయుడుగారూ? నెమళ్ళు బాగున్నాయి."

ఇంటి ముందు ఆపాను. ఆయన దిగి, పంచె సర్దుకుని, పాక వైపు నడిచారు. పాకలోకి తొంగిచూశారు. పెరట్లోకి వెళ్ళొచ్చారు.

"కారెక్కడండీ?"

"మీరు ఎక్కి వచ్చింది అదే కదండీ!" అన్నాను, మీసం దువ్వుకుంటూ.

ఆయనకి మొదట అర్థం కాలేదు. దగ్గరకొచ్చారు. వంగి చూశారు. బానెట్టు ఎత్తారు. ఇంజను చూసి గుర్తుపట్టారు. చిన్నప్పుడు తప్పిపోయిన మనిషిని ఎక్కడో చూసినట్టు, "నువ్వా!" అన్నారు మెల్లగా. తర్వాత మా అరుగు మీద కూలబడి, కళ్ళద్దాలు తీసి, చాలాసేపు తుడుచుకున్నారు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి.

"ఆ పాత రంగుకే కదండీ నేను పదివేలన్నది," అన్నారు. "ఆ చక్రాలకే కదండీ. కొత్తది చేస్తే దాని విలువ పోతుంది నాయుడుగారూ. ఉన్నది ఉన్నట్టుంటేనే విలువ."

"ఇప్పుడు ఆరుగురు కూర్చోవచ్చండీ," అన్నాను.

మా ఇంటిది మజ్జిగ తెచ్చింది. ఆయన తాగి, "ఆ పీకేసిన సామాను ఎక్కడుంది?" అన్నారు. ఆమదాలవలస అన్నాను. ఆయన లేచారు. నేను లేచాను. మా ఇంటిది కూడా చీర కొంగు దోపుకుని తలుపు గొళ్ళెం పెట్టింది.

"నువ్వెక్కడికే?"

"నా తోట ఎక్కడికి పోతే అక్కడికి," అంది.

బండిలోనే వెళ్ళాం. అప్పన్న మేస్త్రి సామాను ఎప్పుడో అమ్మేశాడు. చక్రాలు నాలుగూ స్టేషను ఎదుట సోడాలమ్మే గవరయ్యకి ముప్పై రూపాయలకి ఇచ్చాడట. వెళ్ళేసరికి గవరయ్య సోడా బండి ఎంత ఠీవిగా ఉందనుకున్నారు! సన్నటి చువ్వల చక్రాల మీద, ఎండకి తళతళ మెరుస్తూ. డాక్టరుగారు నడిరోడ్డు మీద మోకాళ్ళ మీద కూర్చుని ఆ చువ్వలు నిమిరారు. అంతే. గవరయ్య కళ్ళు చిన్నవయ్యాయి. సోడా కొట్టడం ఆపేశాడు.

"ఈ చక్రాలు అమ్ముతావా బాబూ?" అన్నారు డాక్టరుగారు.

"అమ్మడమేటి బాబూ! ఈ సక్రాలొచ్చినాకే నా బేరం లేసినాది. నా లచ్చిం దేవి ఇవే."

"నాలుగొందలిస్తాను."

గవరయ్య ఆయన మొహంలోకి చూసి, ఎంతో అమాయకంగా అడిగాడు. "ఒక్కోటికా బాబూ?"

డాక్టరుగారు తల ఊపారు.

ముప్పై రూపాయలు పదహారు వందలయ్యాయి, ఒక్క సోడా నురగ చల్లారేలోగా! నాలుగు నెలలు నేను పాకులాడిన డబలు ఎక్కడ, వాడు కొట్టిన యాభై రెట్లు ఎక్కడ. వాడు బ్రోకరు కాడు, బర్మా చూడలేదు, ఆమదాలవలస పొలిమేర దాటలేదు. ఎదుటివాడికి ఏది ముద్దో దాన్ని చూశాడు. ఇంకేం చెయ్యలేదు. తోలు సీట్లు మంగలి కొట్టులో ఉన్నాయి, ఈ కబురు మాకంటే ముందే అక్కడికి చేరింది. అతను రెండొందలు చెప్పాడు. దీపాలు రైసుమిల్లు గేటుకి వేలాడుతున్నాయి, వాటికో వంద. ఊరు ఊరంతా నా కారు మీద లాభం తింది. నేను పక్కనే నిలబడి సామాను మోశాను.

ప్లాట్‌ఫారం బెంచీ మీద ఇవన్నీ పేర్చుకుని డాక్టరుగారు నిట్టూర్చారు. సాయంత్రపు బండికి ఇంకా టైముంది. బేరం ఎత్తాల్సింది నేనే కదా అని గొంతు సవరించుకున్నాను.

"డాక్టరుగారూ, టాపు కొత్తది, రంగు కొత్తది, జీపు చక్రాలు, అన్నీ కలిపి చూసుకుంటే పన్నెండు వేలకి తక్కువ..."

"మావా," అంది మా ఇంటిది. "నువ్వు నోరు ముయ్యి."

ఇరవైమంది ఉన్నారు ప్లాట్‌ఫారం మీద. మూశాను.

ఆవిడ డాక్టరుగారి ముందు నిలబడింది. "బాబూ, మావోడు కలిపినదంతా పీకి పారేసుకోండి. దానికి ఒక్క పైసా ఇవ్వొద్దు. పీకినాక మిగిలినదాన్ని తమరు కొంటారా? దానికేటిస్తారు?"

ఆయన వేళ్ళ మీద లెక్క వేసుకున్నారు. ఆ రేకులు ఊడదియ్యాలి, రంగు గీకాలి, వంచిన ఇనుము సరిచెయ్యాలి. అయినా పాత రంగు తిరిగి రాదు. "రెండు వేల ఐదొందలమ్మా. అంతకన్నా నా మనసు ఒప్పదు."

"ఇయ్యండి," అంది.

నోట్లు ఆవిడే తీసుకుని మొలలో దోపుకుంది. డాక్టరుగారు సామానంతా ఆ నెమళ్ళ బండిలో వేసుకుని తోలుకుపోయారు. తిరుగు రైల్లో ఆవిడ కిటికీ పక్కన కూర్చుని, "సగమొచ్చినాది," అంది బయటికి చూస్తూ. అది నాతో అన్నదో, చెట్లతో అన్నదో నాకు తెలీలేదు.

చిన్నంనాయుడు మంచివాడే. ఇంకెవరైనా అయితే మొత్తం డబ్బు లేదు కాబట్టి మొత్తం తోట నాదే అనేవాడు. సగం డబ్బుకి సగం తోట వదిలేశాడు. "పైసగం నా తోటకి ఆనుకునున్నాది వదినా, అది నాకుంచి, కిందసగం నువ్వు తీసుకో," అన్నాడు. ఆవిడ తల ఊపింది. పైసగం మొదటి ఏడు వేసిన చెట్లు. నూతికి దూరం. ఆ గట్టు ఎక్కి ఎక్కి నీళ్ళు మోసినవి అవే. వాటి పూత అప్పటికే పిందె కట్టింది. ఆవిడ పైకెళ్ళి ఒక్కో చెట్టు మొదలు మీద చెయ్యి వేసి, కాసేపుంచి, పక్క చెట్టుకి వెళ్ళింది. నలభై చెట్లు. నేను గట్టు కింద నిలబడి చూశాను. చివరి చెట్టు దగ్గర్నుంచి దిగి వచ్చి, "పద మావా, పొయ్యి మీద ఏటీ లేదు," అంది.

శివరాత్రి ముందురోజు రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్ళాం. గుమాస్తా కలం ముంచి అడిగాడు.

"కొనేది నువ్వేనా నాయుడూ? నీ పేరే రాసెయ్యనా?"

"కాదు. మా ఇంటిదాని పేర రాయండి."

"ఇంటిది అని రాయమంటావా ఏం? పేరు చెప్పు."

మా వైపు మగాడు పెళ్ళాం పేరు పైకి అనడు. ముప్పైఎనిమిదేళ్ళ కాపురంలో నేను ఒసే అన్నాను, ఆవిడ మావా అంది, దాంతో అన్ని పనులూ జరిగిపోయాయి. నాలిక మెలిపడింది. వెనక్కి చూశాను. ఆవిడ గోడ మీది క్యాలెండరు చూస్తోంది, మొహం మాత్రం ఎర్రబడింది. చెప్పాను.

"ఏటి? గట్టిగా," అన్నాడు గుమాస్తా.

గట్టిగా చెప్పాను. బయట జట్కావాడు కూడా తిరిగి చూశాడు. మా మావ ముప్పైఎనిమిదేళ్ళ కిందట రాయించాల్సిన కాగితం, సగమైపోయాక నా చేతుల మీద రాయించాను. సాక్షి సంతకం నాదే.

ఇప్పుడు ఇల్లూ బేరాలూ ఆవిడవే. తోటకూర కట్ట కూడా నన్ను కొననివ్వడం లేదు. కిందసగంలో మొదటి గింజలు రాలుతున్నాయి. కోతుల్ని తోలే ఉద్యోగం నాది, జీతం లేదు, రెండుపూటలా అన్నం. పైసగంలో చిన్నంనాయుడి కూలీలు ఏరుతుంటే మా ఇంటిది అటు తిరగదు. నేనూ తిరగను.

ఇదంతా సన్యాసినాయుడి కోతలే అనేవాడు ఇంకా ఎవడైనా మిగిలుంటే, వాడు తిన్నగా ఆ గరువు మీదికి వెళ్ళొచ్చు. అక్కడ ఒకావిడ వంగి గింజలేరుతుంటుంది. నేను ఎంత నిజం చెప్పానో, ఎంత కలిపానో ఆవిడే తేలుస్తుంది. పేరు పైడితల్లి.